భీమిలి మలుపు దగ్గర మా బండి మెట్టు

నేను ఎలక్ట్రీషియన్ని. ఐటీఐలో మా బ్యాచి మొత్తానికి ఆ ట్రేడు తీసుకున్న ఆడపిల్లని నేనొక్కదాన్నే. లైటు దానంతటదే వెలిగిందని ఎవరైనా చెబితే నాకు దెయ్యం గుర్తు రాదు, స్విచ్చులో చేరిన చెమ్మ గుర్తొస్తుంది. గాజువాకలో మేం అద్దెకున్న ఇంట్లో ఫ్యాను ఆగిపోయి, కాసేపటికి మళ్ళీ తిరిగేది. ఇల్లుగలామె శాంతి చేయించింది. నేను రెగ్యులేటరు మార్చాను. దేనివల్ల బాగుపడిందో నాకు అనుమానం లేదు. అలాంటిదాన్ని ఇప్పుడు ఇది రాస్తున్నానంటే, రాయక తప్పని చికాకు ఒకటి మనసులో ఉండిపోయింది కాబట్టి.

మా ఆయన అప్పారావు చాలా ఏళ్ళు టూరిస్టు బస్సులు నడిపాడు. నాకు విశాఖ వన్ టౌన్‌లో ఒక ఇరుకు సందులో ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉంది. లారీల సెల్ఫ్ మోటార్లు, లైట్లు, హారన్లు, పోర్టుకి తిరిగే బళ్ళ వైరింగు మా పని. ఇద్దరం కలిసి ఆలోచించి ఒక కారవాన్ కట్టించాం. కారవాన్ అంటే బస్సు అడుగు చట్రం, అదే చాసిస్, దాని మీద కట్టిన చిన్న ఇల్లు అనుకోండి. లోపల మంచాలు, వంటగట్టు, బాత్రూము అన్నీ ఉంటాయి. కుటుంబాలు అద్దెకి తీసుకుంటాయి. విశాఖలో పొద్దున్నే బయలుదేరి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి, అక్కడ టిఫిను, తర్వాత ఆనందపురం, పెందుర్తి దాటుకుని అరకు. ఇదీ మా దారి.

వంట మా అత్తది. ప్రతి ట్రిప్పుకీ వస్తుంది. ఆమెకి తుంటిలో రాడ్డు వేశారు. బండి నేల ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఎక్కడం ఆమె వల్ల కాదు. ఎక్కువగా మా బండి ఎక్కేవాళ్ళు కూడా ముసలివాళ్ళే. అందుకే డోరు కింద కరెంటు మెట్టు పెట్టించాం. డోరు తీస్తే గర్రుమని మెట్టు బయటికి వస్తుంది, వేస్తే లోపలికి పోతుంది. డోరులో ఒక చిన్న అయస్కాంతం, దాని ఎదురుగా ఒక స్విచ్చు, కింద ఒక మోటారు, మధ్యలో ఒక కంట్రోల్ డబ్బా. ఇంతకంటే అందులో ఏమీ లేదు.

మొదటి కొన్ని నెలలు బాగానే పని చేసింది. తర్వాత ఒక రోజు దారిలో డోరు వేసి ఉండగానే మెట్టు బయటికి వచ్చింది. మెట్టు బయట ఉందని డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలిగేసరికి మా ఆయన బండి ఆపాడు. నేను దిగేలోపు అది తనే లోపలికి పోయింది. స్విచ్చు పక్కకి జరిగి ఉంటుందనుకున్నాను. షాపుకి తెచ్చి కొత్త స్విచ్చు వేశాను. మధ్యాహ్నమంతా డోరు తీస్తూ వేస్తూ చూశాను. ఒక్కసారి కూడా తప్పలేదు.

తర్వాతి ట్రిప్పులో మళ్ళీ వచ్చింది.

ఉండి ఉండి వచ్చే ఫాల్టు లాంటి పీడ మా పనిలో ఇంకొకటి ఉండదు. పూర్తిగా చెడిపోయినదాన్ని పట్టుకోవడం తేలిక. ఇది డాక్టరు గుమ్మం ఎక్కగానే తగ్గిపోయే పంటినొప్పి లాంటిది. షాపులో ఉన్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది, రోడ్డెక్కాక తన పని తను చేస్తుంది.

బండి కింద దూరి చూశాను. ఎర్త్ వైరు చాసిస్‌కి బిగించిన చోట పచ్చగా చిలుము పట్టింది. మా ఊళ్ళో సముద్రపు ఉప్పుగాలి, పోర్టు దుమ్ము రెండూ కలిస్తే ఇనుము కూడా బిస్కట్టులా తయారవుతుంది. దొరికిందిరా దొంగ అనుకున్నాను. అక్కడ శుభ్రంగా గీకి, కొత్త వైరు వేసి, గ్రీజు రాశాను. మా ఆయనతో గొప్పగా చెప్పాను కూడా. మళ్ళీ వచ్చింది. కనెక్టర్లు మార్చాను. మళ్ళీ వచ్చింది. మెట్టు తయారుచేసిన వాళ్ళకి ఫోన్ చేస్తే, ఒకబ్బాయి ఎంతో ఓపికగా, "డోరు గట్టిగా వేస్తున్నారా మేడమ్?" అని అడిగాడు. నాకు వచ్చిన కోపానికి ఫోను పెట్టేసి కాసేపు బయట నిలబడ్డాను.

నూకరాజు అని మా ఆయన స్నేహితుడు. మా షాపు పక్కనే స్పేర్ పార్టుల దుకాణం. చూసి చూసి అతను ఒకరోజు, "బావా, బండికి దిష్టి తగిలినట్టుంది. నిమ్మకాయలు కట్టీ, పోద్ది," అన్నాడు. మా ఆయన కట్టాడు. నేను వద్దనలేదు, కానీ అదే రోజు కంట్రోల్ డబ్బా కూడా మార్చాను. పోతే నా వల్లే పోవాలని.

ఆ ట్రిప్పులోనే ఒక సైకిలాయనకి దెబ్బ తగిలింది.

భీమిలి టిఫిను అయ్యాక ఊరు దాటుతుంటే ఒక మలుపు వస్తుంది. ఒక పక్క సరుగుడు తోట, రెండో పక్క ఖాళీ స్థలం. అక్కడ స్పీడు బ్రేకరు ఉంది కాబట్టి బండి దాదాపు ఆగుతుంది. సరిగ్గా అప్పుడే మెట్టు బయటికి వచ్చింది. ఎడమ పక్కనుంచి పాల క్యాన్లతో పోతున్న సైకిలాయన కాలికి అది కొట్టుకుంది. మనిషి పడిపోయాడు. పాలు రోడ్డంతా పారాయి. పిక్క మీద తోలు లేచిపోయి రక్తం కారుతోంది.

"మెట్టు బయటికెట్టీసి నడుపుతారేటి మీరు? కల్లు కనపడవా?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. లోపలున్న ప్రయాణికులు దిగి మమ్మల్నే చూస్తున్నారు. దగ్గర్లో ఉన్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి కట్టు కట్టించాం. ఎముకకి ఏమీ కాలేదని డాక్టరు చెప్పేదాకా నేను ఆ గుమ్మం వదల్లేదు. అదే ఒక చిన్నపిల్ల సైకిలు అయ్యుంటే, తల కొట్టుకుని ఉంటే అని ఆలోచన ఆగలేదు.

ఆ రోజు మా ఆయన నాతో గట్టిగానే మాట్లాడాడు. "ఒలే పార్వతీ, దాన్ని పీకీసి పారెయ్యే. నీ పంతానికి ఎవుడో ఒకడు సచ్చిపోతాడు."

"పీకేస్తే అత్త ఎలా ఎక్కుతుంది? ముసలాళ్ళు ఎలా ఎక్కుతారు?"

"పీట యేద్దాం."

పీట మీద అంతకుముందే ఒకావిడ జారింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మా అత్త అక్కడే ఉండి ఇదంతా వింటోంది. ఆమె ఎప్పుడూ డోరు పక్క సీట్లోనే కూర్చుంటుంది. కూరలు తరుగుతూ, ఏదో బస్సు సంగతి చెబుతున్నట్టు, "ఆ మలుపుకాడ ఎవులో ఎక్కుతన్నారు. ఆనందపురంలో దిగిపోతన్నారు. నాను సూత్తనే ఉన్నాను కదా," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అత్తా, నేను ఇక్కడ తల బద్దలు కొట్టుకుంటుంటే నువ్వు ఇలాంటి మాటలు చెప్పకు," అన్నాను.

"కోపం దేనికే? అడిగినావు కాదని ఇన్నాల్లూ సెప్పనేదు," అని మళ్ళీ కూరల్లో పడింది.

కోపం వచ్చింది గానీ ఆ మాట మాత్రం వదల్లేదు. పని తెలిసినదానిగా ఆలోచించాను. ఫాల్టు ఎక్కడ వస్తోందో రాసుకోవడం మొదట్లోనే చేయాల్సిన పని. నేను ఎంతసేపూ ఏ భాగం అన్నదే చూశాను, ఏ చోట అన్నది చూడలేదు. మా ఆయన్ని కూర్చోబెట్టి గుర్తు చేసుకోమన్నాను. ఆయన ఒక్కొక్క ట్రిప్పే లెక్కపెట్టి చెప్పాడు. బయటికి వచ్చిన ప్రతిసారీ ముందు భీమిలి మలుపు, తర్వాత ఆనందపురం పూల మార్కెట్టు దగ్గర. ఇంకెక్కడా ఎప్పుడూ రాలేదు. ఘాట్ రోడ్డు మీద అన్ని కుదుపుల్లో కూడా రాలేదు. అన్ని ట్రిప్పుల్లోనూ వచ్చిందని కాదు. కానీ ఒకచోట వచ్చిందంటే, రెండో చోట తప్పకుండా వచ్చింది.

దానికి కూడా నేను కారణం వెతికాను. మలుపు దగ్గర రోడ్డు వాలుగా ఉండి వైరు లాగుతోందేమో. పూల మార్కెట్టు దగ్గర ఏదైనా టవరు ఉందేమో. రెండు చోట్లా ఒకే రకం గుంట ఉందేమో. తర్వాత ఒక రోజు ప్రయాణికులు లేకుండా, మేం ముగ్గురమే బయలుదేరాం.

బయలుదేరే ముందు నేను చేసింది ఇది. మెట్టు ఫ్యూజు పీకి నా జాకెట్టు పర్సులో పెట్టుకున్నాను. బండి కింద మోటారు కనెక్టరు ఊడదీసి, రెండు కొసలకీ టేపు చుట్టి, దూరదూరంగా చాసిస్‌కి కట్టాను. ఆ మెట్టుకి ఉన్న గేర్లు ఎలాంటివంటే, కరెంటు లేకపోతే చేత్తో లాగినా రాదు. అది కూడా లాగి చూశాను. మా ఆయన్ని కూడా లాగమన్నాను. రాలేదు. ఇద్దరం చేతులు తుడుచుకుని ఎక్కాం.

మా అత్త తన సీట్లో కూర్చుంది. నేను డోరు పక్కన కింద కూర్చున్నాను. భీమిలిలో టీ తాగాం. ఎండ బాగా ఎక్కింది. మలుపు దగ్గర మా ఆయన బండి నెమ్మది చేసి, వెనకెవరూ లేరని చూసుకుని, ఆపాడు.

నాకు మోటారు చప్పుడు వినపడలేదు. మోటారుకి కరెంటే లేదు కదా. కానీ బండి ఎడమ పక్కకి కొంచెం వాలింది. మెట్టు మీద మనిషి కాలు పెడితే బండి ఎలా వాలుతుందో అలా. నేను రోజూ ఎక్కి దిగేదాన్ని, ఆ వాలు నాకు తెలుసు.

ముందు సీట్లోంచి మా ఆయన, "పార్వతీ, బయటికొచ్చీసింది," అన్నాడు. అద్దంలో ఆయనకి మెట్టు కనపడుతోంది.

నేను కిటికీలోంచి తొంగి చూశాను. మెట్టు పూర్తిగా బయటికి వచ్చి ఉంది. దాని మీద ఎవరూ లేరు. కాసేపటికి చప్పుడు లేకుండానే లోపలికి పోయింది. బండి వాలు మాత్రం అలాగే ఉంది.

దిగి బండి కింద పడుకున్నాను. కనెక్టరు నేను కట్టిన చోటే ఉంది, టేపు చుట్టింది చుట్టినట్టే ఉంది. ఫ్యూజు నా పర్సులో ఉంది. మెట్టు పట్టుకుని లాగాను. రాలేదు. కాలు తన్నిపెట్టి లాగాను. మా ఆయన వచ్చి లాగాడు. కదల్లేదు. అప్పుడు నాకు భయం వేయలేదు. ఏడుపు వచ్చింది. కోపంతో వచ్చే ఏడుపు. ఇన్నేళ్ళు నేర్చుకున్న పని ఒక ఇనుప మెట్టు ముందు ఎందుకూ కొరగాకుండా పోయింది.

మలుపు అవతల ఒక ముసలామె కొబ్బరిబొండాలు అమ్ముతోంది. వెళ్ళి అడిగాను. ఇక్కడ ఎప్పుడైనా ఏమైనా జరిగిందా, ఎవరైనా పోయారా అని. ఆ మాట నా నోట్లోంచి వచ్చినందుకు నాకే సిగ్గేసింది.

ఆమె నన్ను వింతగా చూసింది. "ఇక్కడేటి జరగనేదమ్మా. నాను పెల్లయినకాడ్నించి ఇక్కడే ఉన్నాను. బస్సు కూడా ఆగదిక్కడ."

"ఆనందపురం వెళ్ళేవాళ్ళెవరైనా ఇక్కడ నిలబడేవారా?"

"ఎవులు నిలబడతారు? కూకోడానికి సోటు కూడా నేదు కదా."

అదొక చికాకు. దెయ్యం అని నమ్మాలన్నా దానికి ఒక కథ ఉండాలి కదా. మా బండి కొత్తది. చాసిస్ కొత్తది, మెట్టు కొత్తది, పాత యజమాని లేడు. మలుపు దగ్గర చనిపోయినవాళ్ళు లేరు. ఆనందపురంలో పూలమ్మేవాళ్ళని కూడా తర్వాత అడిగాను. వాళ్ళకీ ఏమీ తెలియదు. ఎవరైనా ఒక చెడ్డ చావు గురించి చెప్పి ఉంటే నేను నమ్మకపోయినా పట్టుకోవడానికి ఒక కొస దొరికేది.

ఆ రోజు మలుపు దగ్గరినుంచి బయలుదేరి ఆనందపురం చేరాం. పూల మార్కెట్టు దగ్గర మా ఆయన ఆపాడు. బంతిపూల బస్తాలు దించుతున్నారు, ఆటోలు అడ్డం తిరుగుతున్నాయి, అందరూ ఎవరి పనిలో వాళ్ళున్నారు. మెట్టు బయటికి వచ్చింది. బండి ఎడమ పక్క పైకి లేచింది. మనిషి దిగిపోయినప్పుడు స్ప్రింగులు లేచినట్టు. మెట్టు లోపలికి పోయింది.

మా అత్త, "దిగిపోయింది. ఇంక పద," అంది.

ఎక్కి దిగింది ఆడమనిషి అని అత్త ఎలా అనుకుందో నేను అడగలేదు.

ఆ తర్వాత మేం చేసింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ తల కొట్టేసినట్టు ఉంటుంది. ఫాల్టు బాగుచేయలేక దానికి అలవాటు పడ్డాం. మెట్టుకి కరెంటు మళ్ళీ కలిపాను, లేకపోతే ముసలివాళ్ళు ఎక్కలేరు. మలుపు రాగానే మా ఆయన బండి పక్కకి తీసి ఆపేవాడు. దెబ్బలు తగలకుండా నేను దిగి ఎడమ పక్క నిలబడి, సైకిళ్ళనీ స్కూటర్లనీ దూరంగా పొమ్మని చెయ్యి ఊపేదాన్ని. మెట్టు వస్తే వచ్చేది. రాకపోతే కాసేపు చూసి కదిలేవాళ్ళం. వచ్చిన రోజున ఆనందపురంలో కూడా అలాగే ఆగేవాళ్ళం. ప్రయాణికులు అడిగితే టైర్లు చూస్తున్నామని చెప్పేదాన్ని. నా షాపు ముందు నా పేరు కింద పెద్ద అక్షరాలతో ఎలక్ట్రికల్ అని రాసి ఉంటుంది. ఆ బోర్డు చూసినప్పుడల్లా నాకు మొహం చెల్లేది కాదు.

మా అత్త మాత్రం తన సీటు మార్చుకుంది. డోరు పక్క సీటు మీద మడత దుప్పటి వేసి ఖాళీగా ఉంచేది. "ఎందుకు?" అన్నాను ఒకసారి. "నిలబడి వత్తాది కదేటి అంత దూరం," అంది.

ఇలా కొంతకాలం నడిచింది. చలికాలం మొదట్లో ఒక ట్రిప్పు. ఒక రిటైర్డ్ టీచరు, ఆయన భార్య, వాళ్ళ కూతురి కుటుంబం. మలుపు దగ్గర ఆగాం. మెట్టు వచ్చింది, బండి వాలింది, మెట్టు పోయింది. అంతా ఎప్పటిలాగే. ఆనందపురంలో ఆగాం. నేను దిగి నిలబడ్డాను.

మెట్టు రాలేదు.

మా ఆయన ఇంజను ఆపకుండా కూర్చున్నాడు. నేను బండి వైపు చూస్తూ నిలబడ్డాను. పూలవాళ్ళు పక్కకి తియ్యమని కేకలేస్తున్నారు. టీచరుగారు కిటికీలోంచి, "ఏమైనా ప్రాబ్లమా అమ్మా?" అని అడిగారు. లేదన్నాను. డోరు తీశాను. తీయగానే మెట్టు గర్రుమని సక్రమంగా బయటికి వచ్చింది. ఖాళీ సీటు, దాని మీద మడత దుప్పటి, అంతే. బండి లేవలేదు.

మా ఆయన వెనక్కి తిరిగి వాళ్ళమ్మని చూశాడు. "ఏటి సేద్దామమ్మా?"

"దిగకపోతే మనమేటి సేత్తాం? బలవంతంగా దించుతామేటి? పద," అంది మా అత్త.

అరకు వెళ్ళాం. ప్రయాణికులు బొర్రా గుహలు చూశారు, కాఫీ పొడి కొన్నారు, చలిమంట వేసుకున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. తిరిగి వచ్చాం.

ఆ తర్వాత మెట్టు ఒక్కసారి కూడా తనంతట తాను బయటికి రాలేదు. మలుపు దగ్గర రాలేదు, ఇంకెక్కడా రాలేదు. డోరు తీస్తే వస్తుంది, వేస్తే పోతుంది. మెట్టు కొత్తగా వేసినప్పుడు ఎలా ఉందో అలా ఉంది. నూకరాజు నిమ్మకాయలు పని చేశాయంటాడు. మా ఆయన నవ్వుతాడు. నాకు మాత్రం నవ్వు రాదు. నేను బాగుచేయని ఫాల్టు దానంతటదే బాగుపడితే అది బాగుపడినట్టు కాదని మా ట్రేడులో మొదటి రోజే చెబుతారు.

ఇంకొక సంగతి. బండి ఎడమ పక్కకి కొంచెం వాలే ఉంటోంది. చూసేవాళ్ళకి తెలియదు. సమంగా ఉన్న నేల మీద నిలబెట్టి కొలిచాను. టైర్లలో గాలి సమానం. స్ప్రింగు పట్టీలు విప్పించి కొత్తవి వేయించాను. నీళ్ళ ట్యాంకు ఖాళీ చేసి చూశాను. లోపల సామానంతా దించి చూశాను. తేడా పోలేదు. ఒక సన్నటి మనిషి డోరు పక్కన కూర్చుంటే ఎంత వాలుతుందో అంతే.

అక్కడ ఎవరో కూర్చున్నారని నమ్ముతున్నానని అనలేను. నమ్మడం లేదంటే కొలిచిన చెయ్యి నాదే. వైరింగు తెలిసినవాళ్ళెవరైనా దీనికి కారణం చెబితే వినడానికి సిద్ధంగా ఉన్నాను. ఎవరూ చెప్పలేదు.

ఇప్పటికీ ప్రతి ట్రిప్పులో ఆనందపురం పూల మార్కెట్టు దగ్గర మా ఆయన బండి ఆపుతాడు. నేను దిగి డోరు తీస్తాను. మెట్టు వస్తుంది. పూలబస్తాలు తప్పించుకుంటూ కాసేపు పక్కన నిలబడతాను. తర్వాత డోరు వేసి ఎక్కుతాను.

ఎడమ పక్క ఇంతవరకు లేవలేదు.